మెమరీ ఎక్కువున్న కార్డా, షేడర్లు ఎక్కువున్న కార్డా?

సెకండ్ హ్యాండ్‌లో ఇంచుమించు ఒకే ధరకు రెండు ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డులు, ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ, ఆర్‌టీఎక్స్ 3060 టీఐ 8 జీబీ దొరుకుతున్నాయనీ, 1080పీ (1920×1080 పిక్సెళ్ల) మానిటర్ మీద గేములు ఆడుకోవడానికి మెమరీ ఎక్కువున్నదే మేలా అనీ మీరు అడిగారు. నేనైతే టీఐనే తీసుకుంటాను.

ప్రతి ఫ్రేమ్‌లోనూ వెలుగునీడలనూ రంగులనూ లెక్కగట్టేవి షేడర్ ప్రాసెసర్లే. అవి 3060లో 3584 ఉంటే టీఐలో 4864 ఉన్నాయి. మెమరీ బ్యాండ్‌విడ్త్ (మెమరీ నుంచి డేటా అందే వేగం) కూడా సెకనుకు 360 జీబీకి బదులు 448 జీబీ. అందువల్ల గేమ్ 8 జీబీలో ఇమిడినంత కాలం టీఐ స్పష్టంగా ముందుంటుంది. 3060లో వాడకుండా మిగిలిన మెమరీ ఒక్క ఫ్రేమ్‌నైనా అదనంగా ఇవ్వదు. అయితే షేడర్ల సంఖ్యను ఒకే తరం కార్డుల మధ్యనే పోల్చాలి. 3072 కోర్లున్న (కోర్లన్నా షేడర్ ప్రాసెసర్లే) పాత ఆర్‌టీఎక్స్ 2080 సూపర్, 3584 కోర్లున్న 3060 కన్నా వేగవంతమైనది, ఎందుకంటే 3060 చెందిన ఆంపియర్ తరంలో కోర్లను లెక్కించే పద్ధతే మారింది.

మెమరీ చాలినంత వరకు దాని ఊసే ఉండదు. చాలనప్పుడు మాత్రం టెక్స్చర్లు (గేములోని వస్తువుల పైపూత బొమ్మలు) సిస్టమ్ ర్యామ్ నుంచి, కార్డును కంప్యూటర్‌కు కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీదుగా రావాలి. ఆ దారి నాలుగో తరానిదై 16 లేన్లున్నా సెకనుకు సుమారు 32 జీబీకి మించి మోయలేదు. నా 8 జీబీ కార్డు మీద ఒక ఓపెన్ వరల్డ్ గేమ్‌ను టెక్స్చర్లు అల్ట్రాలో పెట్టి ఆడినప్పుడు, సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) పెద్దగా తగ్గలేదు గానీ, గుర్రం మీద ఊళ్లోకి అడుగుపెట్టిన ప్రతిసారీ ఫ్రేమ్‌టైమ్ (ఒక్కో ఫ్రేమ్‌కు పట్టే సమయం) గీత నిట్టనిలువుగా లేచి గేమ్ క్షణంపాటు బిగుసుకుపోయేది, దగ్గరి గోడల రాళ్లు కాసేపు మసకగా ఉండి తర్వాత తేటపడేవి. టెక్స్చర్లను హైకి దించగానే ఆ కుదుపులు ఆగాయి. 1080పీలో బొమ్మ నాణ్యతలో తేడా వెతికితే తప్ప కనిపించలేదు. కాబట్టి రివ్యూలు చూసేటప్పుడు సగటుతో సరిపెట్టుకోకుండా, ‘1 పర్సెంట్ లో’ (1% low, అంటే అన్నిటికన్నా నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల వేగం) అంకెలను తప్పక చూడండి.

మెమరీని ప్రధానంగా నింపేది రిజల్యూషన్ అని చాలామంది అనుకుంటారు. నిజానికి 1080పీ తెరకు సరిపడే ఒక రంగుల బఫర్ (ఫ్రేమ్‌లోని రంగులను దాచే చోటు) సుమారు 8 ఎంబీయే. 4096 పిక్సెళ్ల చదరపు టెక్స్చర్ ఒక్కటే, బీసీ7 అనే కంప్రెషన్ పద్ధతిలో కుదించి మిప్‌మ్యాప్‌లు (దూరంగా ఉన్నప్పుడు చూపే దాని చిన్న ప్రతులు) కలిపితే, 21 ఎంబీకి పైగా తీసుకుంటుంది. పైగా టెక్స్చర్ నాణ్యత పెంచినా షేడర్ల మీద భారం పెద్దగా పడదు. నీడలు, రే ట్రేసింగ్ (కాంతి కిరణాల దారిని లెక్కగట్టడం) పెంచితే పడుతుంది. రే ట్రేసింగ్‌కూ, ఫ్రేముల మధ్య అదనపు ఫ్రేములను పుట్టించే ఫ్రేమ్ జనరేషన్‌కూ అదనపు మెమరీ కూడా కావాలి.

మున్ముందు 1440పీ మానిటర్ కొనే ఆలోచన ఉండి, టెక్స్చర్ల విషయంలో రాజీ పడలేననుకుంటే, లేదా బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో పెద్ద సీన్లు రెండర్ చేసే పని ఉంటే 12 జీబీ కార్డు తీసుకోవడం సబబే. కాకపోతే 3060 పేరుతోనే 8 జీబీ కార్డు కూడా ఒకటి అమ్ముడైంది. దాని బస్ (చిప్‌కూ మెమరీకీ మధ్య దారి) 192 బిట్లు కాదు, 128 బిట్లే, బ్యాండ్‌విడ్త్ 240 జీబీ. డబ్బు చేతికిచ్చే ముందు కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ ప్రోగ్రామ్ తెరిపించి మెమరీనీ బస్ వెడల్పునూ చూసుకోండి.