ట్రావెల్ గ్రాంట్ వచ్చింది, చీటీ పోయింది

ప్రశ్న: "ఫార్మకోమెట్రిక్స్‌లో, అంటే మందు ఒంట్లో ఎలా పనిచేస్తుందో లెక్కలు కట్టే శాస్త్రంలో, పీహెచ్‌డీ చేస్తున్నాను. విదేశీ కాన్ఫరెన్సులో నా పోస్టర్ తీసుకున్నారు. మన దగ్గర్నుంచి వెళ్ళేవాళ్ళకి అవార్డులు, ట్రావెల్ గ్రాంట్లు నిజంగా వస్తాయా?"

వస్తాయి. నాకొచ్చింది. కానీ మీరు అడగాల్సింది అది కాదు. ఆ డబ్బు ముందొస్తుందా, వెనకొస్తుందా అని అడగండి.

2019 జూన్‌లో స్టాక్‌హోమ్‌లో పేజ్ మీటింగ్ జరిగింది. ఒకే మందు మనిషికీ మనిషికీ ఎంత తేడాగా పనిచేస్తుందో లెక్కగట్టడాన్ని పాపులేషన్ మోడలింగ్ అంటారు. యూరప్‌లో అది చేసేవాళ్ళు ఏటా కలిసేది ఈ మీటింగ్‌లోనే. నాది ఐసోనియజిడ్ మీద పోస్టర్. ఎన్‌ఏటీ2 జన్యువును బట్టి ఆ టీబీ మందు కొందరి ఒంట్లోంచి త్వరగా పోతుంది, కొందరిలో నిదానంగా పోతుంది, ఆ లెక్క. విమాన ఖర్చు ఇస్తామని ఒక ప్రభుత్వ సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. ల్యాబ్‌లో స్వీట్లు పంచాను. రెండో పేజీ సాయంత్రం చదివాను. ముందు మీరు పెట్టుకోండి, తిరిగొచ్చాక బిల్లులు పంపండి అని ఉంది.

జేఆర్‌ఎఫ్, అంటే పీహెచ్‌డీ వాళ్ళకి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్, అప్పుడే 25,000 నుంచి 31,000కి పెరిగింది, కాగితం మీద. నాకు పాతదే నాలుగు నెలలుగా పడలేదు. ఈ గ్రాంట్ల నిబంధనలు రాసేవాళ్ళందరికీ క్రెడిట్ కార్డులున్నాయని నా గట్టి నమ్మకం.

మా అమ్మ వీధిలో లక్ష రూపాయల చీటీ వేస్తోంది. తమ్ముడి ఇంజనీరింగ్ ఫీజు కోసం ఆఖరిదాకా ఆగుదామనుకుంది. నా కోసం ఏప్రిల్‌లోనే 22,000 వదులుకుని పాడేసింది. "పోనీలే, గవర్నమెంటోళ్ళు ఇస్తారుగా" అంది. వాళ్ళు ఇచ్చేది టికెట్ డబ్బులేనని, చీటీలో పోయినవి ఎవరూ ఇవ్వరని అప్పుడు చెప్పలేకపోయాను.

వెళ్ళినందుకు బాధ లేదు. పోస్టర్ దగ్గర ఒక పెద్దాయన ఆగి, "మొదటి రక్తం శాంపిలే రెండు గంటలకి తీశావు, అబ్సార్ప్షన్ రేటు ఎలా పట్టుకున్నావు?" అన్నాడు. మింగిన మందు రక్తంలోకి ఎంత వేగంగా చేరుతుందనేది ఆ రేటు. నిజానికి పట్టుకోలేదు. మోడల్ ఏదో అంకె ఇచ్చింది, నేను నమ్మాను. పాత స్టడీల్లోంచి విలువ తీసుకుని ఫిక్స్ చెయ్యమన్నాడు. నా థీసిస్‌లో మూడో అధ్యాయం ఆ పది నిమిషాల్లోంచి వచ్చిందే.

అసలు కథ తిరిగొచ్చాక. బిల్లులన్నీ పెట్టాను, ఢిల్లీ-హైదరాబాద్ బోర్డింగ్ పాస్ తప్ప. అది ఎక్కడ పడేశానో ఇప్పటికీ తెలీదు. అకౌంట్స్ సెక్షన్‌లో సార్ ఫైలు మూసి, "ఒరిజినల్ కావాలమ్మా" అన్నారు. పాస్‌పోర్టులో ఢిల్లీలో దిగిన ముద్ర చూపించాను.

"ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కి నడిచొచ్చానా సార్?"

"ఏమోనమ్మా, రైల్లో రావచ్చుగా."

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆయన తప్పూ కాదు, ఆడిట్‌లో ఆయన్నే అడుగుతారు. ఏడు నెలల తర్వాత ఆ ముక్కకి కోత పెట్టి మిగతా డబ్బు వేశారు. ఈలోపు తమ్ముడి ఫీజు మావయ్య కట్టాడు. ఆ సంగతి ప్రతి పెళ్ళిలో ఒకసారి గుర్తుచేస్తాడు.

అప్పట్లో సర్కారు డబ్బుతో వెళ్తే ఎయిరిండియానే ఎక్కాలి. 2022లో అది టాటాల చేతికి వెళ్ళింది. ఇప్పుడు బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ, ఈ మూడింటి ద్వారానే టికెట్ కొనమంటారు. వేరే సైట్‌లో రెండు వేలు తక్కువకి దొరికిందని కొనేయకండి. పరిశోధనలకి డబ్బిచ్చే కేంద్ర సంస్థ సెర్బ్ స్థానంలో ఏఎన్‌ఆర్‌ఎఫ్ వచ్చింది, పాత పేరుతో వెతికితే పాత ఫారాలే దొరుకుతాయి. వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్‌కి కూడా, అక్కడ పనిచేయని బయటివాళ్ళకిచ్చే ట్రావెల్ గ్రాంట్ ఉంది.

అవార్డుల సంగతంటారా, పేజ్‌లో విద్యార్థుల సెషన్‌కి లూయిస్ షైనర్ పేరు పెట్టారు. స్టూవర్ట్ బీల్‌తో కలిసి, ఈ మోడలింగ్‌కి వాడే నాన్‌మెమ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసి, 2004లో పోయినాయన. అమెరికా వైపు ఏఎస్‌సీపీటీ అనే క్లినికల్ ఫార్మకాలజీ సంఘం వాళ్ళది ప్రెసిడెన్షియల్ ట్రైనీ అవార్డు. బాగా మార్కులు పడిన అబ్‌స్ట్రాక్ట్‌లకి ఇస్తారు. నాన్‌మెమ్ లైసెన్స్ లేదని వీటికి వెనకాడేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళుమండుతుంది. అదే పని చేసే సాఫ్ట్‌వేర్లలో ఎన్‌ఎల్‌మిక్సర్ ఉచితం, మోనోలిక్స్ యూనివర్సిటీల్లో చదువుకునేవాళ్ళకి ఉచితం. జడ్జీలు చూసేది ప్రశ్ననీ డేటానీ అని నా అభిప్రాయం, నాకు అవార్డేమీ రాలేదనుకోండి.

కాబట్టి నిర్వాహకులకి ఈరోజే మెయిల్ పెట్టి, రిజిస్ట్రేషన్ ఫీజు ముందే మాఫీ చేస్తారా అని అడగండి. అడగడానికి సిగ్గుపడే నేను మొత్తం కట్టాను. పక్క పోస్టర్ అమ్మాయి అడిగింది, సగమే కట్టింది. ఇంతకీ మీది ఏ దేశమో రాయలేదు. యూరప్ అయితే గ్రాంట్ ఉత్తరం వచ్చేదాకా ఆగకుండా వీసా స్లాట్ చూసుకోండి. బోర్డింగ్ పాస్ చేతిలో పడగానే ఫోటో తీసి, ఆ పాస్ ఒరిజినల్‌ని పాస్‌పోర్టుకి పిన్ను కొట్టకుండా కవర్లో పెట్టుకోండి.