సమాధానం: మూడేళ్ల బాబు బొమ్మలు ఎవరికీ ఇవ్వడు, స్వార్థం పుట్టుకతోనే వస్తుందా?

పంచుకుంటే చాక్లెట్ ఇస్తానని మీరు పెట్టిన ఆశే అడ్డుపడుతుండొచ్చు. "నాది" అనడం ఆ వయసుకు సహజం. సాయం చేయడమూ అంతే సహజం: 2006లో వార్నెకెన్, టొమాసెల్లో అనే మనస్తత్వ పరిశోధకుల ప్రయోగంలో పెద్దాయన చేయిజారిన బట్టల క్లిప్పును ఏడాదిన్నర పిల్లలు చాలామంది అడక్కుండానే తీసిచ్చారు.

1. చాక్లెట్ ఆపండి. చాలామంది పట్టించుకోని సలహా ఇదే. 2008లో అదే ఇద్దరు ఇంకోటి గమనించారు: సాయానికి బహుమతి అందుకున్న పిల్లలు ఆ తర్వాత తక్కువగా సాయం చేశారు. మెచ్చుకోలుకు మాత్రం అలా జరగలేదు, కాబట్టి నోరారా మెచ్చుకోండి.

2. బొమ్మ లాక్కోవద్దు. "నీ ఆట అయ్యాక ఇస్తావా?" అని అడిగి, నిజంగా అయ్యేదాకా ఆగండి.

3. మరీ ఇష్టమైనవి చుట్టాలు రాకముందే బీరువాలో పెట్టేయండి.