కాళ్ళెక్కడ పెట్టుకుంటాడు?

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. కవితలు పదకొండూ రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్ను పట్టుకుని చదివాను, ఆ కాగితాలు విడిగా పోస్టు చేస్తాను. ఇందులో నువ్వు అడిగిన రెండు సంగతులే రాస్తున్నాను. డిగ్రీ మధ్యలో ఆపేసి, పత్రికకి మండల కంట్రిబ్యూటర్‌గా లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన లైన్ల లెక్కన వచ్చే డబ్బు మీద బతుకుతున్నవాణ్ణి కవి అంటారా అన్నది ఒకటి. మాసబ్ ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చదివిన నీ స్నేహితుడి బొమ్మలతో పుస్తకం వేస్తే, జనం బొమ్మలు చూసి కవితలు వదిలేస్తారేమో అన్నది రెండోది.

మొదటిదానికి పెద్ద జవాబేం లేదు. నేను ఇంటర్ తప్పాను. మా ఊరి శాఖా గ్రంథాలయంలో చేతికందింది చదివాను. ఛందస్సు నేర్పిన గురువెవరూ లేరు. నాకు లెక్క నేర్పింది పత్రికాఫీసులో కంపోజిటర్. అప్పట్లో హెడ్డింగులు సీసపు అక్షరాలతో పేర్చేవాళ్ళు. ఇప్పటిలా మౌస్‌తో లాగి సన్నబరచడం కుదరదు. నేను హెడ్డింగ్ రాసిచ్చి ఇటు తిరిగేలోపు లోపలి నుంచి కేక వచ్చేది: "సార్, రెండక్షరాలు ఎక్కువ!" ఆ రెండక్షరాలు తీయడానికి ఒక్కోసారి వాక్యం మొత్తం మార్చాల్సి వచ్చేది. అలా ఏళ్ళ తరబడి తీసీ తీసీ, కవితలో కూడా ఏది తీస్తే ఏమీ పోదో తెలిసింది. ముళ్ళపూడి వెంకటరమణ చదువు ఎస్సెల్సీ దగ్గరే ఆగింది. ఆయనా పత్రికలో పనిచేసినవాడే. బుడుగు ఎలా ఉంటాడో ఎవర్నైనా అడిగి చూడు, బాపు గీసిన బుడుగునే చెప్తారు. దానివల్ల రమణ వాక్యానికి ఏం తక్కువైంది? నీ రెండో భయానికి సగం జవాబు ఇక్కడే ఉంది. మిగతా సగం నా సొంత అవమానంతో కలిసి ఉంది, అది చెప్తాను.

నేను డెస్కులో చేరిన కొత్తలో ఆదివారం అనుబంధానికి చేనేత మీద ఒక కవిత రాశాను. ముప్పై రెండు లైన్లు. అన్నీ చేతుల మీదే. చేతుల్లో సూర్యోదయాలు, చేతుల్లో నదులు, అదీ వరస. బొమ్మ కోసం మా ఆఫీసు ఆర్టిస్టుకి ఇచ్చాను. ఆయన బీడీ ఆర్పి, మొత్తం చదివి, "కాళ్ళెక్కడ పెట్టుకుంటాడు గురూ?" అన్నాడు.

"ఎవరు?"

"నీ నేతగాడు. మగ్గం ముందు కూచున్నాడన్నావు. బొమ్మ వెయ్యాలంటే కాళ్ళు ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా."

నాకు తెలియదు. నేను అప్పటిదాకా మగ్గాన్ని రోడ్డు మీద నుంచి, కిటికీలోంచి చూసినవాణ్ణే. మర్నాడు ఇద్దరం బస్సెక్కి మంగళగిరి వెళ్ళాం. అక్కడివి గుంట మగ్గాలు. నేతగాడు నేల మీదే కూచుంటాడు. కాళ్ళు మాత్రం కింద తవ్విన గుంటలో ఉంటాయి. గుంటలో ఉన్న చెక్కల్ని పాదాలతో ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతుంటే పైన పడుగు దారాలు, అంటే నిలువు దారాలు, రెండుగా విడిపోతాయి, ఆ సందులోంచి అడ్డదారం మోసే నాడె దూసుకుపోతుంది. చేతులు చేసేదంతా ఆ తర్వాతి పని. మా ఆర్టిస్టు చొక్కా మాసిపోతుందని కూడా చూసుకోకుండా నేల మీద బోర్లా పడుకుని, గుంట అంచున స్కెచ్ పుస్తకం పెట్టుకుని, రెండు గంటలు ఆ పాదాలే గీశాడు. బొటనవేలు చెక్క అంచుని పట్టుకునే తీరు, పగిలిన మడమ, గుంట గోడకి ఆనించి పెట్టిన మంచినీళ్ళ చెంబు. ఆ పెద్దాయనకి సిగ్గు ముంచుకొచ్చింది. "కాళ్ళేంటి బాబూ, మొహం వెయ్యండి" అని నాలుగైదుసార్లు అన్నాడు.

ఆ రాత్రి కవిత మళ్ళీ ముందు పెట్టుకుంటే తొమ్మిది లైన్లు మిగిలాయి. వాటిలో కాళ్ళ గురించి ఒక్క మాట కూడా రాయలేదు, అవి బొమ్మలో ఉన్నాయి. నాడె చప్పుడు మాత్రం ఉంచుకున్నాను, అది బొమ్మకి చిక్కదు. కలిసి పనిచేయడమంటే అప్పటికి నాకు అర్థమైంది ఇదే, ఇప్పటికీ ఇంతకంటే పెద్దగా తెలియదు. చివరి నిమిషంలో ఆ పేజీలోకి ప్రకటన ఒకటి వచ్చి పడింది, బొమ్మని తపాలా బిళ్ళంత చేశారు. అంత కష్టపడి గీసిన పాదాలు రెండు బంగాళాదుంపల్లా అచ్చయ్యాయి. ఆయన పేపరు చూసి "పప్పులోకి బాగున్నాయి" అన్నాడు.

నీ స్నేహితుడికి ఒక సంగతి చెప్పు, అతనికి తెలిసే ఉండొచ్చు. 1913లో పారిస్‌లో బ్లేజ్ సాంద్రార్ అనే కవి, సోనియా డెలోనే అనే చిత్రకారిణి కలిసి ఒక పుస్తకం వేశారు. పుస్తకమంటే నాలుగు కాగితాలు ఒకదాని కింద ఒకటి అతికించిన పొడవాటి పట్టీ. విప్పితే రెండు మీటర్లు ఉంటుంది, మడిస్తే జేబులో పడుతుంది. సైబీరియా రైలు ప్రయాణం మీద కవిత కుడివైపు కిందికి దిగుతుంటే, ఎడమవైపు రంగులు దానితోపాటు దిగుతాయి. రైలు బొమ్మ ఎక్కడా ఉండదు. గుండ్రాలు, వంపులు, రంగులు, అన్నిటికంటే అడుగున మాత్రం చిన్న ఈఫిల్ టవర్. 150 కాపీలు వేస్తే, అన్నీ కలిపి నిలబెడితే ఈఫిల్ టవరంత ఎత్తవుతాయని వాళ్ళ లెక్క. రంగులు కాపీ కాపీకీ చేత్తో, ఆకారాలు కత్తిరించిన రేకులు పెట్టి వేశారు. అనుకున్నన్ని కాపీలు మాత్రం తయారు కాలేదు. పుస్తకాలు వేసేవాళ్ళ లెక్కలు అప్పుడూ ఇంతే. ఈ సాంద్రార్ తర్వాత యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకుని ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు, 1930లలో పత్రికలకు రిపోర్టింగ్ చేశాడు. కవితలోని ఆ రైలు నిజంగా ఎక్కాడో లేదో మాత్రం ఇప్పటికీ తేలలేదు. నువ్వు కంట్రిబ్యూటర్‌వి, నీకా వెసులుబాటు లేదు. మా కాలంలోనే వెళ్ళని ఊరి పేరు వార్త మొదట్లో డేట్‌లైన్‌గా పెట్టి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

నీ కవితల్లో నాకు నచ్చని పని ఒకటుంది. ప్రతి కవిత కిందా "ఇక్కడ చెట్టు బొమ్మ", "ఇక్కడ తల్లి బొమ్మ" అని రాశావు. కవితలో చెట్టు ఉన్నప్పుడు మళ్ళీ చెట్టు బొమ్మెందుకు? అలా రాసిస్తే అతను బొమ్మ వేసిస్తాడు, ప్రశ్న అడగడు. ఏఐతో చేయించి పంపిన ఆ నేతగాడి బొమ్మ సంగతీ అంతే. రంగులు బాగానే ఉన్నాయి. అందులో నేతగాడు స్టూలు మీద కూచున్నాడు, మోకాళ్ళ కింద పొగమంచు కప్పేసింది. కాళ్ళెక్కడ అని దానికి అనుమానం రాలేదు, నిన్నూ అడగలేదు. నువ్వూ అడక్కుండా నాకు పంపావు. టెన్షన్ పడకు, నీ వయసులో నేనైతే ఫ్రేమ్ కట్టించుకునేవాణ్ణి.

డబ్బు సంగతి ముందే మాట్లాడుకోండి. స్నేహం కదా అని నోరు మూసుకుంటే ఆవిష్కరణ సభ రోజున బయటపడుతుంది. ఇవ్వలేకపోతే ఇవ్వలేనని చెప్పు, కాపీల్లో సగం అతనివని కాగితం మీద రాసుకోండి. పేరు విషయంలో నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు. నా మొదటి పుస్తకం అట్ట మీద బొమ్మ, నాతో మంగళగిరి వచ్చిన ఆ ఆఫీసు ఆర్టిస్టుదే. వెనక అట్ట మీద నా ఫోటో, ముందుమాటలు, కృతజ్ఞతల్లో ప్రెస్సు కుర్రాడితో సహా అందరూ ఉన్నారు. ఆయన పేరు ఎక్కడా లేదు. మర్చిపోయాను, అంతే. ఆయన తన కాపీ తీసుకుని, లోపలి పేజీలో "ముఖచిత్రం" అని రాసి దాని ఎదురుగా తన పేరు తనే రాసుకున్నాడు. నవ్వుతూనే రాశాడు. 500 కాపీల్లో ఆ పేరున్న కాపీ అదొక్కటే.

ప్రెస్సు పని కూడా కొంత నేర్చుకో. డెమీ 1/8 సైజులో ఫారానికి, అంటే ఒక పెద్ద కాగితానికి రెండు వైపులా కలిపి, 16 పేజీలు. రంగు బొమ్మలన్నీ ఒకే ఫారంలో పడేట్టు సర్దుకుంటే, మిగతావి నలుపులో వేసుకుని ఖర్చు తగ్గించుకోవచ్చు. బొమ్మల్ని ఫోన్లో ఫోటో తీసి ఇవ్వొద్దు, ట్యూబులైటు పచ్చదనమంతా అచ్చులోకి వస్తుంది. అచ్చు సైజులో 300 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చేయించండి. బొమ్మ వేసేవాళ్ళు రాసిన వచనం కూడా చదువు. కార్టూనిస్టు మోహన్ రాసిన "కార్టూన్ కబుర్లు" దొరికితే వదలకు.

వీలైతే ఒక ఆదివారం ఇద్దరూ బెజవాడ రండి. కవితలు ఫెయిర్ చెయ్యకుండా, కొట్టివేతలతోనే తీసుకురా. అతన్ని బొమ్మలేం వేసుకురావద్దను, ఖాళీ స్కెచ్ పుస్తకం చాలు. బస్టాండులో దిగి ఫోన్ చెయ్యండి, వస్తాను.

అన్నట్టు, ఏడో కవితలో చెరువు గట్టు మీద నిలబడ్డ ముసలాయన మొదటి లైన్లో చేతికర్ర మీద ఆనుకున్నాడు, చివర్లో రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. మధ్యలో కర్ర ఏమైంది?

నీ
అన్న