అతన్ని మొదట అలా పిలిచిందెవరు?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ మూడుసార్లు చదివాను. మొదటిసారి రెండో పేజీకే కోపమొచ్చి పక్కన పెట్టేశాను. పైలట్‌కి 'అగ్నిసింహం' అని పేరు పెట్టావు, అతని విమానానికి 'మృత్యుడేగ' అని. భోజనాల దగ్గర కూడా తోటి పైలట్లు అతన్ని అలాగే పిలుస్తారు. ఆ పేరు అతనికి ఎవరు పెట్టారు? ఎప్పుడు, ఏం జరిగితే పెట్టారు? కథంతా వెతికాను, దొరకలేదు. నువ్వే పెట్టేశావు. నా బాధంతా అదే.

శ్రీనగర్ గురించి రాశావు కాబట్టి అక్కడి మనిషి సంగతే చెబుతాను. నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్. లూధియానా జిల్లా ఇసేవాల్ ఊరివాడు, 18వ స్క్వాడ్రన్‌లో ఫ్లయింగ్ ఆఫీసర్. 1971 డిసెంబర్ 14న సేబర్లనే పాకిస్తానీ యుద్ధ విమానాలు ఆరు శ్రీనగర్ ఎయిర్‌ఫీల్డ్ మీద విరుచుకుపడ్డాయి. రన్‌వే మీద బాంబులు పడుతుండగానే సెఖోన్ తన నాట్ అనే చిన్న యుద్ధ విమానాన్ని పైకి లేపి రెండు సేబర్లతో తలపడ్డాడు. తిరిగి రాలేదు. మన వాయుసేనలో పరమవీర చక్ర వచ్చింది ఆయన ఒక్కడికే. అంతటివాణ్ని స్క్వాడ్రన్‌లో ఏమనేవారో తెలుసా? 'బ్రదర్'. ఎదురైన ప్రతివాణ్నీ బ్రదర్ అని పలకరించేవాడు, చివరికి అదే ఆయన పేరైపోయింది. ఆ రోజు ఆయనకంటే ముందు గాల్లోకి లేచిన తోటి పైలట్ ఘుమన్‌ని 'జీ-మ్యాన్' అనేవాళ్ళు. ఇంటిపేరులోంచి తీసుకున్న ముక్క, అంతే. దెబ్బ తగిలాక రేడియోలో సెఖోన్ కేకేసింది ఆ పేరుతోనే. ప్రాణం మీదికొచ్చినప్పుడు నోటికొచ్చే పేరు అంత పొట్టిగా ఉంటుందయ్యా.

ఇంకో తప్పు. 1965లో శ్రీనగర్ నుంచి నాట్‌లని ఎగరేశావు. 1948 నాటి ఒప్పందం వల్ల, 1971 యుద్ధం వచ్చేదాకా అక్కడ గగన రక్షణ విమానాలే ఉంచలేదు. అందుకే సెఖోన్‌కి ఆ కొండలు అలవాటు లేవు, ఆ ఎత్తూ ఆ చలిగాలీ అలవాటు లేవు.  తెలియని చోట చలికి వణుకుతూ అందర్నీ బ్రదర్ అని పిలుచుకునే కుర్రాడు నాకు కళ్ళముందు కనబడతాడు. నీ అగ్నిసింహానికి చలే వేయదు.

విమానం పేరుకీ ఇంతే. నాట్ అంటే దోమలాంటి చిన్న పురుగు. రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకి 7 మీటర్లు కూడా ఉండదు. 1965లో సేబర్లని కూల్చాక దానికి 'సేబర్ స్లేయర్' అని బిరుదొచ్చింది, రాసేవాళ్ళందరూ ఇప్పటికీ దాన్నే పట్టుకు వేలాడుతున్నారు. నాకు పురుగు పేరే ఇష్టం.

శత్రువు పెట్టిన పేరైతే దాని రుచే వేరు. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ ఆడపిల్లల 588వ రెజిమెంటు కర్రతో, గుడ్డతో చేసిన పో-2 విమానాల్లో రాత్రిళ్ళు వెళ్ళేది. లక్ష్యం దగ్గరకొచ్చాక ఇంజిన్ శబ్దం తగ్గించి, గాల్లో జారుతూ వచ్చి బాంబులు వేసేవాళ్ళు. కింద జర్మన్ సైనికులకి వినిపించేది రెక్కల మీద గాలి హోరు ఒక్కటే. 'రాత్రి మంత్రగత్తెలు' అన్నారు వాళ్ళు. నిద్రలేక, భయంతో పెట్టిన పేరని వినగానే తెలిసిపోతుంది.

ముప్పై ఏళ్ళ కిందట సికింద్రాబాద్‌లో మా వీధిలో రిటైరైన ఎయిర్‌ఫోర్స్ ఫిట్టర్, అంటే విమానాల మెకానిక్, ఒకాయన ఉండేవారు. కథ కోసం ఆరు నెలలు ఆయన చుట్టూ తిరిగాను. యుద్ధం మాటెత్తితే లేచి లోపలికి వెళ్ళిపోయేవారు. ఒకరోజు మాత్రం, కాక్‌పిట్ మీది అద్దాన్ని ఎలా తుడిచేవారో చూపించారు. మెత్తని బట్ట వేళ్ళకి చుట్టుకుని, గుండ్రంగా తిప్పకుండా, ఒకే వైపుకి మెల్లగా. చుక్కంత మరక మిగిలినా పైకెళ్ళాక దూరంగా శత్రు విమానంలా కనబడుతుందట. గాల్లో అలా తుడుస్తూనే ఒక పైలట్ పేరు చెప్పారు, 'చట్నీ' అని. ఎందుకలా పిలిచేవారని అడిగాను. చేయి ఆగిపోయింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ పేరుతోనే కథ రాశాను. అప్పట్లో బాగా నడిచే ఒక వారపత్రిక ఎడిటర్ శీర్షికని 'రణభేరి' చేసి, లోపల చట్నీ అన్నచోటల్లా 'వీరా' అని దిద్దేశాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. అచ్చయ్యాక ఆ పెద్దాయనకి పత్రిక తీసుకెళ్ళి ఇచ్చాను. అద్దాలు పెట్టుకుని చివరిదాకా చదివి, "ఈ వీరా ఎవరండీ?" అన్నారు. ఆ ఎడిటర్‌ని నేను ఈరోజుకీ క్షమించలేదు. ఇప్పుడేమో ఎడిటర్లతో పనిలేకుండా మీరే ముందుగా ఆ పని చేసుకుని పంపిస్తున్నారు.

మూడోసారి ఎందుకు చదివానో చెప్పాలి. నీ కథ చివర్లో ఖాళీ షెడ్డులో మెకానిక్ ఒక్కడే నిలబడి, తుడవడానికి విమానం లేకపోయినా బట్ట మడత పెడుతుంటాడు. ఆ నాలుగు వాక్యాలు బాగున్నాయి. అతని చేత నువ్వు ఒక్క మాట కూడా మాట్లాడించలేదు. నీ పైలట్‌ని అతనేమని పిలిచేవాడో కనుక్కో. ఆ పేరు దొరికాక కథ మొదటి పేజీ నుంచి మళ్ళీ రాసి నాకు పంపు.

ఆశీస్సులతో.