ఏరియా ఆసుపత్రిలో మొదటి పోస్టింగ్: రోగిని బండి ఎక్కించే ముందు చేయాల్సినవి

హౌస్ సర్జన్సీ అయిపోయింది, నర్సీపట్నం లాంటి ఏజెన్సీ అంచు ఊరి ఏరియా ఆసుపత్రికి సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా ఆర్డరు వచ్చింది, రాత్రి క్యాజువాలిటీలో ఒక్కరే ఉండాలట, ఏం చదువుకుని వెళ్ళాలి, అక్కడ బతుకు ఎలా ఉంటుంది అని అడిగారు.

కొత్తగా చదవాల్సింది పెద్దగా లేదు. టీచింగ్ ఆసుపత్రిలో పీజీల వెనక నిలబడి చూసిన పనే ఇక్కడ మీ చేతుల మీదుగా జరగాలి. వైజాగ్‌లోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) లాంటి పెద్దాసుపత్రి రెండు గంటల దూరంలో ఉన్నప్పుడు, బండి ఎక్కకముందు ఇచ్చిన మొదటి డోసే చాలామందిని నిలబెడుతుంది. ‘ఇక్కడ కుదరదు, వైజాగ్ తీసుకుపోండి’ అని చీటీ రాసి చేతిలో పెడితే దాన్ని నేను రిఫరల్ అనను. ఈ జవాబులో ఎక్కువ భాగం ఆ మొదటి డోసు గురించే.

చేరిన రోజే, ఓపీలో కూర్చోకముందే, క్యాజువాలిటీ సిస్టర్‌ని తోడు తీసుకుని ఎమర్జెన్సీ ట్రే మీ చేత్తో తెరవండి. స్టాక్ రిజిస్టరులో ఉన్నవన్నీ బీరువాలో ఉంటాయని నమ్మకండి. బీరువాలో ఉన్నా, తాళంచెవి ఫార్మసిస్టు ఇంట్లో ఉంటే రాత్రి రెండు గంటలకు లేనట్టే. గొంతులోకి చూసి శ్వాసగొట్టం వేయడానికి వాడే లారింగోస్కోపు బ్లేడు తెరిస్తే బల్బు తెల్లగా వెలగాలి. ఎర్రగా మినుకుమంటుంటే బ్యాటరీలు అయిపోయాయి. దానికి ఏ సైజు పడతాయో చూసి ఒక జత మీ బ్యాగులోనే పెట్టుకోండి. చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబూ బ్యాగు మూతిని అరచేత్తో మూసి నొక్కితే గట్టిగా ఎదురు తన్నాలి. మెత్తగా లోపలికి పోతే, కడిగాక వాల్వు తప్పుగా బిగించారన్నమాట. సక్షన్ గొట్టానికి బొటనవేలు అడ్డం పెడితే గేజీ ముల్లు లేవాలి.

ఆక్సిజన్ లెక్క నోటికి వచ్చేసి ఉండాలి. బి టైపు సిలిండర్ నిండుగా ఉంటే సుమారు 1,500 లీటర్లు. నిమిషానికి 10 లీటర్లు పెడితే 150 నిమిషాలు వస్తుంది. ముల్లు సగంలో ఉంటే 75 నిమిషాలే. ప్రయాణమే రెండు గంటలైతే ఆ సిలిండర్ సగం దారిలో ఖాళీ అవుతుంది, రోగి నీలంగా మారేదాకా ఎవరూ గమనించరు. 108లో ఎక్కించేటప్పుడు ఆ బండి సిలిండర్ ముల్లు కూడా మీరే చూడండి. సిలిండర్ తిప్పే కీ దాని మెడకే తాడుతో కట్టి ఉంచమనండి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ కీ కోసం వెతకడంలో పోయే పది నిమిషాలు తిరిగి రావు.

వానాకాలంలో పాముకాట్లు వరసగా వస్తాయి. పాము ఏదో తేల్చడానికి సమయం పాడుచేయకండి. మన ఏఎస్‌వీ (పాము విషానికి విరుగుడు మందు) నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ కలిపి చేసిందే. తేల్చాల్సింది విషం ఎక్కిందా లేదా అన్నది. శుభ్రమైన, పొడిగా ఉన్న కొత్త గాజు ట్యూబులో 2 మి.లీ. రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు నిలబెట్టి, ఒక్కసారి వంచండి. జారితే రక్తం గడ్డకట్టడం లేదు, పింజరి విషం పనిచేస్తోంది. ఇక్కడ జరిగే తప్పులు రెండు. ప్లాస్టిక్ ట్యూబులో లేదా సిరంజిలోనే వదిలేస్తారు. రక్తం గడ్డకట్టడం మొదలవడానికి గాజు తగలాలి, కాబట్టి ప్లాస్టిక్‌లో బాగున్న రక్తం కూడా జారుతుంది. రెండోది, సబ్బుతో కడిగిన పాత ట్యూబు వాడతారు. సబ్బు జిడ్డు ఉన్నా అంతే, లేని విషం ఉన్నట్టు కనిపిస్తుంది. కొత్త గాజు ట్యూబులు అరడజను విడిగా డబ్బాలో పెట్టి, ‘పాముకాటుకు మాత్రమే’ అని చీటీ అంటించండి. మధ్యలో ఎత్తి చూడకుండా ఉండటం కష్టమే, బంధువులు ఊరుకోరు. గోడ గడియారం టైము వాళ్ళకే చూపించి, ఫలానా టైముకు చూద్దామని చెప్పండి.

రక్తం జారినా, రెప్పలు వాలుతున్నా, వాపు గంటగంటకూ పైకి పాకుతున్నా ఏఎస్‌వీ మొదలుపెట్టాలి. మొదటి డోసు 10 వయల్స్. ఒక్కో వయల్లో 10 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ పోసి, అరచేతుల మధ్య మెల్లగా తిప్పి కరిగించండి. కుదిపితే నురగ వచ్చి మందు పాడవుతుంది. అంతా 400 మి.లీ. సెలైన్‌లో కలిపి గంటలో ఎక్కించాలి. పిల్లలకైనా అన్నే వయల్స్, సెలైన్ మాత్రం బరువును బట్టి తగ్గించాలి. టెస్ట్ డోసు వద్దు, దానివల్ల తెలిసేదేమీ లేదు. డ్రిప్ మొదలుపెట్టే ముందే అడ్రినలిన్ 0.5 మి.లీ. సిరంజిలోకి తీసి బల్ల మీద పెట్టుకోండి. దద్దుర్లు, ఆయాసం, వాంతి ఏది కనిపించినా డ్రిప్ ఆపి తొడ కండరంలోకి ఇవ్వాలి, సర్దుకున్నాక మళ్ళీ మెల్లగా మొదలుపెట్టాలి. రియాక్షన్ వచ్చిందని ఏఎస్‌వీ మానేసి పంపడం చాలాచోట్ల జరిగే తప్పు. 6 గంటల తర్వాత రక్తం మళ్ళీ చూడాలి, అప్పటికీ జారితే ఇంకో డోసు. మూత్రం తగ్గుతుంటే డయాలసిస్ ఉన్నచోటుకి పంపాలి. కాలికి కట్టు కట్టుకుని వస్తే లైన్ పెట్టి, మందు సిద్ధం చేసుకున్నాకే మెల్లగా విప్పండి.

కట్లపాముతో జాగ్రత్త. నేల మీద పడుకున్న మనిషి తెల్లారుజామున కడుపునొప్పి అని వస్తాడు. కాటు గుర్తు కనపడదు, పాము సంగతి వాళ్ళకే తెలియదు. కళ్ళు పైకెత్తమనండి, రెప్పలు సగంలో ఆగిపోతే అనుమానించాల్సిందే. ఒక్క గుక్కలో ఎంతవరకు అంకెలు లెక్కపెట్టగలరో రాసుకుని పావుగంటకోసారి మళ్ళీ అడగండి. 25 నుంచి 12కి పడిపోతే శ్వాసగొట్టం వేయడానికి సిద్ధపడాలి. అట్రోపిన్ 0.6 మి.గ్రా. ఇచ్చి నియోస్టిగ్మిన్ 1.5 మి.గ్రా. ఇచ్చి చూడవచ్చు. నాగుపాముకైతే తేడా తెలుస్తుంది, కట్లపాముకు మామూలుగా తెలియదు, దాని విషం దెబ్బకొట్టే చోటే వేరు. ఒళ్ళంతా చచ్చుబడిపోయి, కంటిపాప కదలకపోయినా ‘పోయాడు’ అనకండి. లోపల స్పృహ ఉంటుంది, మీ మాటలు వినపడుతూ ఉంటాయి. అంబూ నొక్కుతూనే వెంటిలేటర్ దగ్గరికి చేర్చాలి.

పురుగుల మందు కేసు వచ్చిన నిమిషంలోనే ఒకరిని డబ్బా కోసం ఇంటికి పరుగెత్తించండి. సూది మొనంత కంటిపాపలు, నురగ, చెమట, ఛాతీలో గరగర ఉంటే డబ్బా కోసం ఆగకండి. మన అట్రోపిన్ ఆంపుల్‌లో ఉండేది 0.6 మి.గ్రా. మాత్రమే. 3 ఆంపుల్స్‌తో మొదలుపెట్టి, ఐదు నిమిషాలకు ఛాతీ పొడిబారకపోతే రెట్టింపు, మళ్ళీ రెట్టింపు. 3, 6, 12, 24: పావుగంటకే 45 ఆంపుల్స్ అయిపోతాయి. ట్రేలో 10 పెట్టుకుని కూర్చుంటే లాభం లేదు, వంద ఉండాలి, ఆంపుల్స్ పగలగొట్టడానికే ఒక మనిషి ఉండాలి. మందు చాలిందో లేదో తెలియడానికి చూడాల్సింది కంటిపాప కాదు. ఛాతీ పొడిగా వినపడాలి, నాడి 80 దాటాలి, పై బీపీ 80 దాటాలి. బట్టలు తీసేసి ఒళ్ళు సబ్బుతో కడిగించండి, కడిగేవాళ్ళకు గ్లవ్స్ ఇవ్వండి. తాగింది గడ్డి మందైతే, అందులోనూ పారాక్వాట్ అయితే, దారి వేరు. శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) బాగా పడిపోతే తప్ప ఆక్సిజన్ పెట్టకండి, ఆ విషం ఆక్సిజన్‌తోనే ఊపిరితిత్తులను తినేస్తుంది.

‘గ్యాస్ పట్టేసింది డాక్టరు గారూ’ అంటూ నలభై దాటినవాళ్ళు వస్తే గ్యాస్‌కి ఇచ్చే పాంటాప్ ఇంజెక్షన్ కంటే ముందు ఈసీజీ తీయండి. షుగరున్నవాళ్ళకు నొప్పి ఉండకపోవచ్చు, చెమట, ఆయాసమే ఉంటాయి. గుండెపోటని తేలితే ఆస్పిరిన్ 325 నమిలించి, క్లోపిడోగ్రెల్ 300, అటార్వాస్టాటిన్ 80 ఇవ్వండి. నాలుక కింద సార్బిట్రేట్ (రక్తనాళాలను వదులుచేసే మాత్ర) పెట్టేముందు బీపీ చూడాలి. కింది గోడ గుండెపోటైతే కుడివైపు లీడు కూడా తీయాలి. కుడి జఠరిక దెబ్బతిన్న మనిషికి సార్బిట్రేట్ పెడితే బీపీ కూలిపోతుంది. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మీ దగ్గర ఉంటే, నొప్పి మొదలై 12 గంటలు దాటకపోతే, రక్తస్రావం ముప్పు లేదని చూసుకుని అక్కడే ఇచ్చి పంపండి.

లేబర్ రూమ్‌లో ముందు ఫ్రిజ్ చూడండి. గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. కాన్పు ట్రేలో వారాల తరబడి వేడికి పడి ఉన్న ఆంపుల్‌ని నమ్ముకుంటే గర్భసంచి బిగియదు. బిడ్డ పుట్టిన నిమిషంలో 10 యూనిట్లు కండరంలోకి. రక్తం ఆగకపోతే రెండు లావు లైన్లు, ఆక్సిటోసిన్ డ్రిప్, రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము పది నిమిషాల్లో. ఇది కాన్పైన 3 గంటల లోపే పనికొస్తుంది. గర్భసంచిని బిగించే మిగతా మందుల్లో బీపీ ఉన్న తల్లికి మెథర్జిన్, ఉబ్బసం ఉన్న తల్లికి కార్బోప్రోస్ట్ వద్దు. అయినా ఆగకపోతే మూత్రానికి వేసే ఫోలీ కాథెటర్‌కి కండోమ్ కట్టి లోపల పెట్టి 300 నుంచి 500 మి.లీ. సెలైన్ నింపితే దారిలో రక్తం నిలుస్తుంది. దీనికి కావాల్సినవన్నీ ఒకే సంచిలో కట్టి గోడకు తగిలించండి. ఫిట్స్ వచ్చిన గర్భిణికి మెగ్‌సల్ఫ్ (మెగ్నీషియం సల్ఫేట్) 50 శాతం ఆంపుల్స్ 5 ఒక పిరుదులో, 5 ఇంకో పిరుదులో లోతుగా ఇవ్వాలి. ఆ 10 గ్రాములు పడకుండా బండి కదలకూడదు.

కుక్కకాటుకు సబ్బు, పంపు నీళ్ళతో 15 నిమిషాల కడుగుడే సగం వైద్యం. రక్తం వచ్చిన గాయమైతే వ్యాక్సిన్‌తోపాటు రేబిస్ సీరం గాయం చుట్టూ ఎక్కించాలి. కుట్లు వేయకండి.

రిఫరల్ చీటీలో వచ్చిన టైము, అప్పటి బీపీ, నాడి, శాచురేషన్, ఇచ్చిన ప్రతి మందు డోసు, టైము ఉండాలి. అవతలి క్యాజువాలిటీకి ఫోన్ చేసి ఎవరితో మాట్లాడారో కూడా రాయండి. బంధువులకు దారిలో మనసు మార్చే ప్రైవేటు అంబులెన్సుల వాళ్ళు గేటు దగ్గరే ఉంటారు. ఏ ఆసుపత్రికి, ఎందుకు, ప్రభుత్వ ఉచిత వైద్య పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర ఎక్కడ కూర్చుంటారు అన్నది కుటుంబంలో ఒక పెద్దమనిషికి మీరే వివరంగా చెప్పండి. ప్రమాదంగా ఉంటే మొదటి పది నిమిషాల్లోనే ఆ మాట చెప్పేయాలి. ‘పర్లేదు’ అని ఊరడించి గంట తర్వాత ‘పోయాడు’ అంటే గొడవ తప్పదు. చెయ్యి చేసుకునేదాకా వస్తే 2008 నాటి చట్టం వైద్యులకు రక్షణగా ఉంది, అది నాన్‌బెయిలబుల్ నేరం. ఫిర్యాదు ఆసుపత్రి తరఫున వెళ్ళాలి.

ఎమ్మెల్సీ (మెడికో లీగల్, అంటే పోలీసు కేసయ్యేవాటి) రిజిస్టరు ఎప్పటికప్పుడు రాసేయండి. రెండు పుట్టుమచ్చలు, తెచ్చినవారి పేరు, టైము, గాయాల కొలతలు స్కేలు పెట్టి సెంటీమీటర్లలో రాయాలి. ఎక్స్‌రే చూడకుండా తీవ్ర గాయమని రాయకండి. మద్యం పరీక్షకు రక్తం తీసేటప్పుడు స్పిరిట్ దూదితో తుడవకూడదు. లైంగిక దాడి బాధితులకు ఉచిత వైద్యం వెంటనే చేయాలని కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 397వ సెక్షన్ చెబుతోంది, పోలీసు చీటీ కోసం ఆపకండి. 18 ఏళ్ళు నిండని గర్భిణి వస్తే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కింద పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. ‘మాకేం కేసు వద్దండీ’ అని తల్లిదండ్రులు బతిమాలినా మీకు వేరే దారి లేదు, ఆ పిల్లతో మాత్రం మెత్తగా మాట్లాడండి. మూడేళ్ళ తర్వాత కోర్టు సమన్లు వచ్చినప్పుడు మీకు గుర్తుండేది ఆ పేజీ ఒక్కటే, కాబట్టి అబ్రివియేషన్లు వాడకుండా మాటలు పూర్తిగా రాయండి.

ఊళ్ళో ఆర్‌ఎంపీలను ఎదురుగా తిట్టకండి. ముందు ఏ ఇంజెక్షన్ ఇచ్చారో, పసరు పోశారో మీకు తెలియాలంటే వాళ్ళు నిజం చెప్పాలి, తిట్టినవాళ్ళకు చెప్పరు.

ఇక బతుకు సంగతి. ఇల్లు ఆసుపత్రికి పది నిమిషాల నడకలో, ఇన్వర్టరు ఉన్నది చూసుకోండి. నైట్ డ్యూటీ మర్నాడు పగలు నిద్ర పట్టాలంటే రోడ్డు పక్క గది వద్దు. వంట కుదరని రోజు కర్రీ పాయింట్ ఉంటుంది, డ్యూటీ రాత్రికి మాత్రం ఇంటి నుంచే డబ్బా తెచ్చుకోండి, తొమ్మిదిన్నర తర్వాత ఏదీ దొరకదు. సీఎఫ్‌ఎంఎస్ (ప్రభుత్వ బిల్లుల ఆన్‌లైన్ వ్యవస్థ) ఐడీ, ప్రాన్ (పెన్షన్ ఖాతా) నంబరు వచ్చేదాకా జీతం బిల్లు పెట్టలేరు కాబట్టి మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకుని రండి. జాయినింగ్ రిపోర్టులో ఉదయమా మధ్యాహ్నమా అన్నది రాసి, ముద్ర వేసిన నకలు దాచుకోండి. సర్వీస్ రిజిస్టరులో మీ పేజీ మొదలైందో లేదో మొదటి నెలలోనే చూసుకోండి. పీజీ ఇన్‌సర్వీస్ కోటాకి అప్లై చేసేనాటికి ఆ తేదీలే లెక్కలోకి వస్తాయి, అప్పుడు దిద్దించుకోవాలంటే నెలలు పడుతుంది.