పల్లెటూళ్లో పోకెమాన్ గో ఆడేవాళ్లు రిమోట్ పాస్‌లు కొనాలా?

"అన్నా, మాది అమలాపురం దగ్గర పల్లె. ఊరంతటికీ ఒక స్టాప్, ఒక జిమ్. రైడ్‌కి తోడు రమ్మంటే ఎవరూ లేరు. ఇప్పుడేమో మ్యాక్స్ బాటిల్స్ అంటున్నారు, లెవెల్ 80 అంటున్నారు. రిమోట్ పాస్‌లు కొనాలా, లేక ఆట మానేయాలా?" అని అడిగావు. మానేయక్కర్లేదు తమ్ముడూ. (కొత్తవాళ్లకి: ఇది నడుస్తూ ఫోన్‌లో పోకెమాన్‌లని పట్టుకునే ఆట. స్టాప్ అంటే సామాను ఇచ్చే చోటు, జిమ్ అంటే మన పోకెమాన్‌ని కాపలా పెట్టే చోటు, రైడ్ అంటే జిమ్ దగ్గర పెద్ద పోకెమాన్‌ని నలుగురూ కలిసి కొట్టడం, రిమోట్ పాస్ అంటే దూరం నుంచే రైడ్‌లో చేరే టికెట్, లెవెల్ 80 అంటే ఆటగాడికి కొత్త పై మెట్టు.) పాస్‌లు మాత్రం కొనకు. సిటీ వాళ్లు వీడియోల్లో చెప్పే ఆట వేరు, మన కాలువ గట్ల మీద ఆడే ఆట వేరు. ఇది నాకు ఎక్కడానికి మూడేళ్లు పట్టింది, డబ్బూ పోయింది.

నాది గోదావరికి ఇవతల, పాలకొల్లు వైపు. రొయ్యల చెరువుల మీద పని, అంటే మేత వేయించడం, చెక్‌ట్రేలు లేపి చూడటం, రాత్రిళ్లు ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో కనిపెట్టుకుని ఉండటం. 2016 డిసెంబరులో ఈ గేమ్ జియోతో కలిసి మన దేశానికి వచ్చినప్పుడు, జియో షాపులన్నీ స్టాపులయ్యాయంటే ఇన్‌స్టాల్ చేశా, ఆరు నెలలకి బోర్ కొట్టి తీసేశా. మళ్లీ 2020లో, ఇంట్లోంచే రైడ్ ఆడొచ్చని రిమోట్ పాస్ తెచ్చాక పట్టుకున్నా. అక్కడే దెబ్బయ్యింది. పాస్ మీద పాస్ కొన్నా. ఓ సాయంత్రం మబ్బు పట్టి, అవతల వాళ్లందరూ కలిసి బాస్‌ని పడగొట్టి, ఇక బంతులు విసరడమే తరువాయి అన్నప్పుడు సిగ్నల్ పోయింది. యాప్ మళ్లీ తెరుచుకునేసరికి రైడ్ టైమ్ అయిపోయింది. అలా ఒకసారి కాదు, ఆ వర్షాకాలంలో నాలుగుసార్లు. 2023 ఏప్రిల్‌లో పాస్ ధర 100 కాయిన్ల (గేమ్‌లో డబ్బు) నుంచి 195కి పెంచారు, ఆ రోజుతో నాకు జబ్బు కుదిరింది.

మన దగ్గర దాచుకోవాల్సింది స్టార్‌డస్ట్, అంటే పోకెమాన్ బలం పెంచడానికి (పవరప్) ఖర్చయ్యే పొడి. ఒక్క పోకెమాన్‌ని లెవెల్ 1 నుంచి 40 దాకా లాగడానికి 2,70,000 కావాలి, అక్కణ్నుంచి 50కి ఇంకో 2,50,000, దాని మీద 296 ఎక్స్‌ఎల్ క్యాండీ (ఆ జాతివి పట్టుకుంటే దొరికే మిఠాయిలో పెద్ద రకం). రోజుకి పాతిక ముప్పై పట్టుకునే మనలాంటి వాడు కనపడ్డ ప్రతిదానికీ పవరప్ కొడుతూ పోతే ఏడాది తిరిగేసరికి చేతిలో ఏమీ ఉండదు. నేనైతే మొదట్లో గ్యారడాస్ మోజులో పడ్డా. 400 క్యాండీ కూడబెట్టి మ్యాజికార్ప్‌ని గ్యారడాస్‌గా మార్చడమే ఓ యజ్ఞం (మా చెరువు కుర్రాళ్లు దాన్ని బొచ్చె చేప అంటారు, పేరు తప్పనలేం), ఆ తర్వాత ఉన్న డస్ట్ అంతా దానికే పోశా. రైడ్‌కి జనమే లేని ఊళ్లో అంత పెద్ద గ్యారడాస్ ఎందుకు చెప్పు? జిమ్‌లో కూర్చోబెట్టడానికి తప్ప.

డస్ట్ ఎక్కువ ఇచ్చేవి కొన్నున్నాయి, అవి కనపడితే వదలకు. మామూలుగా పట్టుకుంటే 100 వస్తుంది, పారాస్‌కి 500, కోంబీకీ ట్రబ్బిష్‌కీ 750, ఆడినో దొరికితే 2,100. గేమ్‌లో వాతావరణం కలిసొస్తే దీనికి పాతిక శాతం కలుస్తుంది, వానలో బగ్ రకాలకి బూస్ట్ ఉంటుంది కాబట్టి వానలో పారాస్ అంటే 625. మన డెల్టాకి వానలకేం కొదవ, జూన్‌లో మొదలైతే తుపాన్ల సీజన్ అయ్యేదాకా పడుతూనే ఉంటాయి. కాకపోతే ఒక్కోసారి బయట ఎండ మండిపోతుంటే గేమ్‌లో వాన చూపిస్తుంది, ఒక్కోసారి నెత్తిన కుండపోత, గేమ్‌లో మబ్బు మాత్రమే. కాబట్టి కిటికీలోంచి బయటికి చూడకు, స్క్రీన్ మీద గుర్తు చూడు. ఇంకోటి, బూస్ట్‌లో దొరికినవాటికి ఐవీలు (అటాక్, డిఫెన్స్, హెచ్‌పీకి పుట్టుకతో వచ్చే 0 నుంచి 15 మార్కులు) మూడూ 4 కంటే తగ్గవు. మామూలప్పుడు నూటికి నూరు (మూడూ 15) దొరకడం 4,096లో ఒకటైతే బూస్ట్‌లో 1,728లో ఒకటి.

జిమ్ సంగతి. సిటీలో వాళ్ల బాధ వేరు, పెట్టిన పావుగంటకే ఎవడో కొట్టేస్తాడు. మన బాధ దానికి తిరగబడి ఉంటుంది. మా రామాలయం జిమ్‌లో నా స్లాకింగ్ ఒకసారి పంతొమ్మిది రోజులు కూర్చుంది, ఇంటికొచ్చాక ఇచ్చింది 50 కాయిన్లు. పది నిమిషాలకి ఒక కాయిన్ చొప్పున 8 గంటల 20 నిమిషాల్లో 50 నిండిపోతుంది, ఆ పైన నెల కూర్చున్నా రోజు కోటా అంతే, అదీ పోకెమాన్ తిరిగొచ్చిన రోజే లెక్క. అందుకని నేనేం చేశానంటే మా బావ చేత గేమ్ పెట్టించి, వేరే టీమ్‌లో చేర్పించా. నేను మిస్టిక్, ఆయన వేలర్. పొద్దున్న పాల కేంద్రానికి వెళ్తూ ఆయన నన్ను కొడతాడు, రాత్రి ఏరేటర్లు చూడ్డానికి వెళ్తూ నేను ఆయన్ని కొడతా. ఇద్దరికీ రోజూ యాభై. "ఏరా, పొద్దున్నే నన్ను లేపింది బల్లిని తన్నడానికా" అని మా అక్క దగ్గర తిట్లు తినేవాడు పాపం, ఇప్పుడు నాకంటే ఆయనకే పిచ్చి ఎక్కువ. నీకూ ఇలాంటి ఒక్క మనిషి కావాలి, తమ్ముడో స్నేహితుడో. టీమ్ మాత్రం వేరేది ఉండాలి, ఇది మర్చిపోకు. వచ్చిన కాయిన్లని పాస్‌ల మీద పెట్టకుండా ముందు స్టోరేజ్ పెంచుకో, 200 కాయిన్లకి 50 గదులు, అంటే నాలుగు రోజుల జిమ్.

ఇక మ్యాక్స్ బాటిల్స్, అంటే పోకెమాన్‌లు కొండంత పెద్దవయ్యే పోరాటాలు. ఇవి 2024 సెప్టెంబరులో వచ్చాయి, మొదట నేనూ పట్టించుకోలేదు కానీ మనకి రైడ్‌ల కంటే ఇవే నయం. కారణం, వీటికి పాస్ అక్కర్లేదు, మ్యాక్స్ పార్టికల్స్ కావాలి, అవి నడిస్తే వస్తాయి. 2 కిలోమీటర్లు నడిస్తే 300. రోజుకి పోగేసుకోగలిగేది 800. ఒక నక్షత్రం బాటిల్‌కి 250 పోతుంది, దాన్ని ఒక్కడివే ఆడేయొచ్చు. మూడు నక్షత్రాలకి 400, దీన్ని బావా నేనూ కలిసి లాగించాం, అన్నిటినీ కాదు, కొన్నిటిని. అయిదు నక్షత్రాలకీ ఆ పైవాటికీ 800, వాటికి మనుషులు కావాలి, జైగాంటామాక్స్ (అన్నిటికంటే పెద్ద బాటిల్) అయితే పెద్ద గుంపే కావాలి, ఊళ్లో కూర్చుని దాని గురించి కలలు కనకు. కాకినాడో రాజమండ్రో పనిమీద వెళ్లిన రోజుకి దాచుకో. ఒక చిట్కా, డైనమాక్స్ చేసే ముందు (అంటే మన పోకెమాన్‌ని పెద్దది చేసే ముందు) మీటర్ నిండాలి కదా, దానికి దెబ్బ పెద్దదిగా ఉన్న అటాక్ కంటే అర సెకనులో పడే ఫాస్ట్ అటాక్ ఉన్నది ముందు పెట్టు. బావ ఇది తెలియక పెద్ద దెబ్బల మీదే నమ్మకం పెట్టుకుని మూడుసార్లు ఓడించాడు నన్ను కూడా.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది గ్రేట్ లీగ్, అంటే ఆన్‌లైన్‌లో వేరే ఆటగాళ్లతో పోటీ, ఇంట్లో మంచం మీద ఆడొచ్చు, తోడు అక్కర్లేదు. 1500 సీపీ (పోకెమాన్ మొత్తం బలం చూపే అంకె) హద్దు. ఇక్కడ నూటికి నూరు ఐవీ ఉన్నదాని కంటే, అటాక్ తక్కువగా ఉండి మిగతా రెండూ 15 దగ్గర ఉన్నదే చాలావాటికి మంచిది, ఎందుకంటే సీపీ లెక్కలో అటాక్‌కి బరువు ఎక్కువ. నీ దగ్గర డస్ట్ తక్కువ కాబట్టి విస్క్యాష్‌తో మొదలుపెట్టు, మీసాల జెల్ల అనుకో, లెవెల్ 30 లోపే 1500కి చేరిపోతుంది, మడ్ షాట్‌తో ఎనర్జీ త్వరగా నిండుతుంది. అందరూ చెప్పే అజుమరిల్‌ని అక్కడిదాకా తేవాలంటే లెవెల్ 40 దరిదాపులకి పోవాలి, అది తర్వాత. విస్క్యాష్‌కి గ్రాస్ అటాక్ తగిలితే మాత్రం పని అయిపోయినట్టే, వెంటనే మార్చేయ్. సీజన్ మారినప్పుడల్లా అటాక్‌ల బలం సర్దుతుంటారు, ఇదే జట్టు ఎప్పటికీ అనుకోకు.

స్టాపులు పెంచుకోవడం గురించి అడగలేదు కానీ చెబుతా. లెవెల్ 37 దాటాక నాకు కొత్త స్టాప్‌లు సూచించే వీలు వచ్చింది. మొదట మా ఇంటి ముందు కొబ్బరి చెట్టు కింద బల్ల పెట్టి పంపా, తిరగ్గొట్టారు, కొట్టరా మరి. ఇళ్లూ స్కూళ్లూ పనికిరావు. తర్వాత కాలువ లాకుల దగ్గర కాటన్ దొర విగ్రహం పంపితే పాసైంది. మన గోదావరి జిల్లాల్లో ఆయన విగ్రహాలకి కొదవ లేదు కదా, మీ ఊరి పక్కన ఉందేమో చూడు. పాత గుడి, చర్చి, లైబ్రరీ, ఏదైనా సరే, నడిచి వెళ్లగలిగే చోటు ఉండాలి, ఫోటో శుభ్రంగా తీయాలి. గేమ్ మ్యాప్‌ని గడులుగా విడగొడుతుంది, ఒకే చిన్న గడిలో రెండు పడవు కాబట్టి మీ స్టాప్‌కి కొంచెం దూరంగా ఉన్నది వెతుకు. పెద్ద గడిలో ఆరు అయితే రెండో జిమ్ పుడుతుంది, మాకు ఇప్పుడు అయిదు ఉన్నాయి.

అడ్వెంచర్ సింక్ ఆన్ చేసి పెట్టుకో, యాప్ మూసి ఉన్నా కిలోమీటర్లు లెక్కలోకి వస్తాయి, గేమ్‌లో గుడ్లు పొదుగుతాయి, వారానికి 50 దాటితే బహుమతి బాగుంటుంది. బైక్ మీద వెళ్తే లెక్కపెట్టదు. నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద దాటినప్పుడు మాత్రం నది మధ్యలో ఒక గుడ్డు పొదిగింది, అదెలాగో మా బావ ఇప్పటికీ నమ్మడు. గట్టు మీద రాత్రిపూట ఫోన్ చూస్తూ నడవకు, టార్చ్ పట్టుకో, పాములుంటాయి.

ముందు ఆ జిమ్‌కి రెండో మనిషిని వెతుకు. దొరికాక ఏ టీమ్‌లో చేర్చావో ఇక్కడే రాయి.