ఏడాది ఆగితే జట్టు ఏమైపోతుంది?

ప్రశ్న: మాది విశాఖపట్నం. మా అమ్మాయి బీకాం రెండో సంవత్సరం. పదేళ్ల వయసు నుంచి ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్ చేస్తోంది, రెండుసార్లు నేషనల్స్‌కి వెళ్లింది. మోకాలి నొప్పి, సెమిస్టర్ పరీక్షలు, తెల్లవారుజామున ప్రాక్టీసు అన్నీ మీద పడి ‘ఒక్క ఏడాది ఆగుతానమ్మా’ అంటోంది. వాళ్ల నాన్నగారు ‘ఇన్నాళ్ల ఖర్చు బూడిదలో పోసిన పన్నీరే’ అంటున్నారు. కోచ్ గారేమో ‘సీనియర్‌వి నువ్వే పోతే జట్టు ఏం కావాలి’ అన్నారట. ఇదేమో ‘జపాన్‌లో మావో అసాదా ఆగలేదా, మళ్లీ రాలేదా’ అని వాదన. ఆవిడెవరో నాకు తెలీదు. ఆపమనాలా, వద్దనాలా?

జవాబు: అమ్మా, మీ అమ్మాయి ఎంచుకున్న ఉదాహరణ గట్టిదే. కాకపోతే తనకి పనికొచ్చే సగమే చెప్పింది. పిల్లలు వాదనకి దిగితే అంతే కదా. మిగతా సగం కూడా వినండి.

మావో అసాదాది నగోయా. మంచు మీద చేసే ఫిగర్ స్కేటింగ్‌లో 2008లో, 2010లో ప్రపంచ చాంపియన్. ట్రిపుల్ ఆక్సెల్ అని ఒక జంప్ ఉంది. గాల్లో మూడున్నర చుట్లు తిరిగి ఒంటికాలి మీద దిగాలి. ఆడవాళ్లలో అది వేసేవాళ్లు అప్పట్లో చాలా అరుదు. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో ఈమె దాన్ని మూడుసార్లు వేసి రజతం తెచ్చుకుంది. 2014లో సోచి ఒలింపిక్స్‌కి వెళితే, మొదటి రోజు అదే జంప్‌లో పడిపోయి 16వ స్థానానికి జారింది. పతకం మాట ఆ రాత్రే పోయింది. మర్నాడు ఫ్రీ స్కేటింగ్ అనే రెండో, పొడుగు ప్రదర్శనలో ఉన్న ఆరు రకాల ట్రిపుల్ జంప్‌లూ వేసి, సంగీతం ఆగగానే తల పైకెత్తి ఏడ్చేసింది. ఆ ఏడుపులోనే ముఖం సర్దుకుని నవ్వింది. 142.71 మార్కులు, ఆమెకు అప్పటిదాకా ఎన్నడూ రానన్ని. చివరికి ఆరో స్థానం దక్కింది. మరుసటి నెల సొంతగడ్డ మీద, సైతామాలో, మూడోసారి ప్రపంచ చాంపియన్ అయింది.

ఆట మానేస్తారా అని ఎవరడిగినా ఆ రోజుల్లో ఆమె జవాబు ‘హాఫ్ హాఫ్’. మే నెలలో మాత్రం తేల్చి చెప్పింది: ఒక సీజన్ ఆగుతున్నానని. అప్పటికామెకు 23 ఏళ్లు. ఐదేళ్ల ప్రాయం నుంచి మంచు మీదే ఉంది.

ఇప్పుడు కోచ్ గారి ప్రశ్నకి వద్దాం, ఎందుకంటే అప్పుడు జపాన్‌లోనూ అందరి నోటా అదే ప్రశ్న. ఆగింది అసాదా ఒక్కతే అయితే ఎలాగో సర్దుకునేవారు. జట్టులోని సీనియర్లు నోబునారి ఓదా, మికి ఆందో 2013 డిసెంబర్‌లోనే సెలవు తీసుకున్నారు. అకికో సుజుకి 2014 ప్రపంచ పోటీలతో ఆపేసింది. వాంకూవర్‌లో కాంస్యం గెలిచి, పురుషుల సింగిల్స్‌లో ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి జపనీయుడైన దాయ్‌సుకే తకాహాషి మోకాలితో సతమతమై ముందు విరామం అన్నాడు, అక్టోబర్‌లో రిటైర్మెంట్ అన్నాడు. ఏడాది తిరిగేసరికి పెద్దవాళ్ల బెంచీ దాదాపు ఖాళీ.

దాంతో జట్టుకు ఏమైందో లెక్కతోనే చూద్దాం, ఈ ఆటలో భవిష్యత్తు అంటే సీట్ల లెక్కే. ప్రపంచ చాంపియన్‌షిప్‌కి ఒక దేశం ఒక విభాగంలో ఎక్కువలో ఎక్కువ ముగ్గురిని పంపగలదు. మరుసటి ఏడాదికి కూడా ఆ మూడు సీట్లు నిలవాలంటే, ఈ ఏడాది వెళ్లినవాళ్లలో మెరుగైన ఇద్దరి స్థానాలు కూడితే 13 దాటకూడదు. 2015లో షాంఘైలో మహిళల్లో అసాదా లేదు. సతోకో మియహారా అనే పదిహేడేళ్ల పిల్ల రజతం గెలిచింది, రికా హోంగో ఆరో స్థానంలో వచ్చింది. రెండూ ఆరూ ఎనిమిది. సీట్లు భద్రం. పురుషుల్లో ఒలింపిక్ చాంపియన్ యుజురు హన్యూ ఉన్నాడు, ఎక్కడికీ పోలేదు. అయినా ఆయన రెండో స్థానం, తర్వాతి జపాన్ ఆటగాడు తకాహికో కొజుకా 12. రెండూ పన్నెండూ 14. ఒక్క మెట్టు తేడాతో 2016కి ఒక సీటు పోయింది.

పెద్ద పేరు ఆగిన చోట సీట్లు నిలిచాయి, పెద్ద పేరు ఉన్న చోట ఒకటి పోయింది. కాబట్టి మీ అమ్మాయి ఒక్కతీ ఆగితే జట్టు కూలిపోతుందని ఎవరూ లెక్కగట్టి చెప్పలేరు. ఆ బరువు పందొమ్మిదేళ్ల పిల్ల భుజం మీద పెట్టడం నాకు నచ్చలేదు.

పోయిన సీటు ఎలా తిరిగొచ్చిందో కూడా చెప్పాలి. 2016లో బోస్టన్‌లో హన్యూ రెండో స్థానం, షోమా ఊనో ఏడో స్థానం. తొమ్మిది. మూడో సీటు వెనక్కి వచ్చింది. 2018 ఒలింపిక్స్‌లో ఈ ఇద్దరే స్వర్ణం, రజతం పట్టుకొచ్చారు. ఎవరీ ఊనో? నగోయాలో ఐదేళ్ల పిల్లాడిగా రింక్‌కి ఆడుకోవడానికి వెళితే, అప్పటికింకా చిన్నపిల్లే అయిన మావో అసాదా పలకరించి ‘ఫిగర్ చెయ్యి’ అని ప్రోత్సహించిందట. తను ఆగడానికి పదేళ్లకు పైగా ముందే తర్వాతి వరసలో ఒకణ్ని తనకే తెలియకుండా నిలబెట్టి పోయిందన్నమాట. ఇది నాకు ఎప్పుడు గుర్తొచ్చినా ముచ్చటేస్తుంది.

అలాగని మీ కోచ్ గారి భయం ఉత్తదని అనను. జపాన్ తట్టుకుందంటే దానికి ఏర్పాటుంది. 1990లలోనే వాళ్ల స్కేటింగ్ సమాఖ్య వేసవిలో నాగానో కొండల్లోని నొబెయామాలో చిన్నపిల్లల్ని ఏరి శిబిరాలు పెట్టడం మొదలుపెట్టింది. అసాదా, తకాహాషి తరం చాలావరకు అక్కణ్నుంచి వచ్చినవాళ్లే. మనకి ఆ ఏర్పాటు లేదు. హైదరాబాద్ అబ్బాయి అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మీ అమ్మాయి చేసే ఆటలోనే రెండు కాంస్యాలు తెచ్చినా, ఆ ఆట పేరు చెబితే ‘అంటే చక్రాల బూట్లా?’ అని అడిగేవాళ్లే ఇప్పటికీ ఎక్కువ. వెనక వరస పల్చగా ఉన్నప్పుడు ఉన్న ఒక్క సీనియర్‌ని వదులుకోవడానికి ఏ కోచ్‌కైనా చెయ్యి రాదు. కానీ వెనక వరసను తయారుచేయడం పెద్దల పని, మీ అమ్మాయి మోకాలి పని కాదు.

ఇక మీ అమ్మాయి చెప్పని సగం. అసాదా 2015లో తిరిగొచ్చింది. నవంబర్‌లో కప్ ఆఫ్ చైనా అనే అంతర్జాతీయ పోటీ గెలిచింది కూడా. అక్కడితో ఆపితే కథ బాగుంటుంది. కానీ ఆ సీజన్ ప్రపంచ పోటీల్లో ఏడో స్థానం. ఆ తర్వాతి సీజన్ ఎడమ మోకాలు పట్టేసింది. 2016 డిసెంబర్‌లో జాతీయ పోటీల్లో 12వ స్థానం. మూడుసార్లు ప్రపంచ చాంపియన్, సొంత దేశంలో పన్నెండోది! 2017 ఏప్రిల్‌లో రిటైర్ అయింది. అప్పటికి 26 ఏళ్లు.

అందుకని ‘ఏడాది ఆగి, ఇంతకంటే బలంగా వస్తాను’ అన్న మాట మీద ఈ విరామానికి ఒప్పుకోకండి. రావచ్చు కూడా. వకాబా హిగుచి అని ఇంకో జపాన్ అమ్మాయి ఉంది. 2022 బీజింగ్ ఒలింపిక్స్ తర్వాత కాలి ఎముక గాయంతో సీజనంతా ఇంట్లో కూర్చుంది. తిరిగొచ్చాక 2024లో స్కేట్ అమెరికా గెలిచింది, గ్రాండ్ ప్రి అనే అంతర్జాతీయ పోటీల వరసలో ఆమెకదే మొదటి స్వర్ణం. హిగుచి దారీ ఉంది, అసాదా దారీ ఉంది. మీ అమ్మాయిది ఏదో ఇప్పుడు ఆమెకీ తెలీదు, నాకూ తెలీదు. తిరిగి రాకపోయినా ఆ ఏడాది దండగ కాకూడదు. ఒప్పందం అలా ఉండాలి.

ఈ విషయంలో నాకు అసాదా కంటే తత్సుకి మచిదా నచ్చుతాడు. 2014 ప్రపంచ పోటీల్లో ఇతను స్వర్ణం పోగొట్టుకున్నది 0.33 మార్కులతో. ఆ డిసెంబర్‌లో నాగానోలో జాతీయ పోటీలు అయ్యాక, తర్వాతి ప్రపంచ పోటీల జట్టును మంచు మీదే ప్రకటించారు. అందులో ఇతని పేరుంది. అందరి ముందూ మైకు పట్టుకుని, ఇవాళ్టితో పోటీలు ఆపేస్తున్నానన్నాడు. స్టేడియం అంతా నోరెళ్లబెట్టింది. కోపంతో చేసిన పని కాదది. వసేదా యూనివర్సిటీలో పీజీకి సీటు అప్పటికే చేతిలో ఉంది. తర్వాత డాక్టరేట్ చేశాడు, అదే స్కేటింగ్ మీద పరిశోధన రాస్తూ పాఠాలు చెబుతున్నాడు. వయసు అప్పటికి ఇరవై నాలుగే. మీ అమ్మాయి వాళ్ల నాన్నగారికి ఈ ఒక్క కథ చెప్పండి చాలు, పన్నీరు ఎక్కడికి పోయిందో ఆయనకే అర్థమవుతుంది.

తకాహాషి సంగతి మరీ విచిత్రం. నాలుగేళ్లు ఆగి 2018లో తిరిగొచ్చాడు, 32 ఏళ్ల వయసులో జాతీయ పోటీల్లో రెండో స్థానం. ప్రపంచ పోటీలకి పంపుతామంటే వద్దన్నాడు, ఆ సీటు కుర్రాళ్లకి ఇవ్వమన్నాడు. ఆ తర్వాత సింగిల్స్ వదిలి ఐస్ డ్యాన్స్‌కి మారి, కానా మురామోతోతో జంటగా జాతీయ చాంపియన్ అయ్యాడు. మీ కోచ్ గారికి చెప్పాల్సింది ఈ కథ.

ఇక చేయాల్సిన పనులు. మొదట మోకాలు. స్కేటింగ్ తెలిసిన ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించి, ఎన్ని నెలలు ఆగాలో రాయించుకోండి. సమస్య మోకాలిదే అయితే విరామం ఎంతో డాక్టరే చెబుతారు, ఇంట్లో ఓటింగ్ అక్కర్లేదు. ఒకవేళ మోకాలు బాగానే ఉండి పిల్లే విసిగిపోయిందని తేలినా, ఆపాల్సిన కారణం కాదని అనుకోకండి. ఇందాక చెప్పిన అకికో సుజుకి యూనివర్సిటీలో చేరిన కొత్తలో తిండి సహించని జబ్బు పడి సీజనంతా పోగొట్టుకుంది. కోలుకుని రెండు ఒలింపిక్స్ ఆడింది, 28 ఏళ్లకి జాతీయ చాంపియన్ అయింది.

కాలేజీ మాత్రం ఆపొద్దు. ఇది నేను గట్టిగా అంటున్నాను. జపాన్‌లో ఫలితాల పట్టికలో ప్రతి స్కేటర్ పేరు పక్కన ఒక కాలేజీ పేరో కంపెనీ పేరో ఉంటుంది. కొజుకా పేరు పక్కన టొయోటా ఉండేది, ఆట ముగిశాక ఆయన అక్కడే ఉద్యోగంలో కొనసాగాడు. మీ అమ్మాయికి ఆ రెండో పేరు ఈ డిగ్రీయే. అటెండెన్స్ 75 శాతం నిలబెట్టుకుని, క్యాంపుల వల్ల మిగిలిపోయిన సబ్జెక్టులుంటే ఈ ఏడాదిలో క్లియర్ చేయమనండి. పీజీ అడ్మిషన్లకి, ఉద్యోగాలకి స్పోర్ట్స్ కోటా వాడే ఉద్దేశం ఉంటే, గతంలో వచ్చిన నోటిఫికేషన్లు నాలుగైదు ముందు పెట్టుకుని, ఏ సర్టిఫికెట్లు, ఎప్పటివి లెక్కలోకి తీసుకున్నారో చదవండి. అసోసియేషన్‌లో రిజిస్ట్రేషన్ లాప్స్ అయితే తిరిగి చేరడానికి ఏం కావాలో ఇప్పుడే అడిగి తెలుసుకోండి.

కోచ్ గారితో మీరు మాట్లాడొద్దు, అమ్మాయినే వెళ్లమనండి. ఫోన్లో కాదు, వాట్సాప్‌లో అసలే కాదు. ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఆగుతుందో తేదీలతో కాగితం మీద రాసి ఇవ్వాలి. ‘చూద్దాం సార్’ అంటే ఆయన ఆమె కోసం చోటు ఖాళీగా ఉంచుతారు, జూనియర్ ఎవరికీ ఇవ్వరు, జట్టుకి నిజంగా నష్టం చేసేది అదే. ఆదివారాలు పొద్దున్న చిన్నపిల్లలకి స్పిన్లు నేర్పుతానని తనంతట తానే అంటే మంచిది. మీరు మాత్రం పురమాయించొద్దు.

స్కేట్స్ అమ్మేయకండి. బేరింగులు తుడిచి, నూనె చుక్క వేసి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టండి. సముద్రగాలికి తుప్పు పడితే కష్టం. పందొమ్మిదేళ్లొచ్చాక పాదం ఇక పెరగదు కాబట్టి బూట్లు అవే సరిపోతాయి.